98 ఉన్నప్పుడు ఆక్సిజన్ పెట్టారు, 93 ఉన్నప్పుడు తగ్గించారు: ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఇంట్లో అందరికీ జలుబూ దగ్గూ వచ్చి తగ్గిన నెలకు వాడికి జ్వరం పట్టుకుంది. ఐదు రోజులు వదల్లేదు. కళ్లు ఎర్రబడ్డాయి, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు. ఊళ్లో డాక్టరు అపెండిసైటిస్ ఏమోనని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడికి వెళ్లేసరికి కాళ్లూ చేతులూ చల్లబడి మగతగా ఉన్నాడు. బీపీ పడిపోయిందని ఐసీయూలో చేర్చుకుని ‘మిస్-సి’ అన్నారు. రాగానే ఆక్సిజన్ మాస్కు పెట్టారు, అప్పుడు మానిటర్ మీద 98 ఉంది. మర్నాడు ఆయాసం ఎక్కువై ముక్కులోకి లావు గొట్టాలున్న మిషన్ పెట్టారు. నాలుగో రోజు 93 ఉంటే పెంచాల్సింది పోయి ఇంకా తగ్గించారు. 60 ఉన్నదాన్ని 30 చేశారని మా ఆయన గొడవపడ్డారు. ఆక్సిజన్ మిగుల్చుకోవడానికే ఇదంతా అని బంధువులూ అన్నారు. మా అత్తయ్య దిష్టి తీసి కర్పూరం వెలిగించబోతే సిస్టర్ కసిరింది. ఇప్పుడు బాబు ఇంట్లో ఉన్నాడు, తింటున్నాడు, చెల్లెలితో పోట్లాడుతున్నాడు. కానీ ఆక్సిజన్ మీద ఉండి వచ్చిన పిల్లలకు ఊపిరితిత్తులు బలహీనపడతాయని, ఆక్సిజన్ అలవాటైపోతుందని అంటున్నారు. ఇంట్లో మిషన్ కొని పెట్టుకోమంటున్నారు. రాత్రిళ్లు గంటకోసారి లేచి వేలికి మీటర్ పెట్టి చూస్తున్నాను. ఏం చేయాలి?
– ఒక తల్లి, నంద్యాల జిల్లా

జవాబు: అమ్మా, చెల్లెలితో పోట్లాడుతున్నాడని రాశారు చూడండి, ఉత్తరం మొత్తంలో నాకు ధైర్యమిచ్చిన మాట అదే. షాక్‌లోకి, అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి, వెళ్లి వచ్చిన పిల్లవాడు పోట్లాడే ఓపిక తెచ్చుకున్నాడంటే గుండె, ఊపిరితిత్తులు, మెదడు తమ పని తాము చేసుకుంటున్నట్టే లెక్క. కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి ఆ ఆసుపత్రిలో జరిగిన ప్రతిదీ సరైనదేనని చెప్పను. కానీ 98 దగ్గర పెట్టడం, 93 దగ్గర తగ్గించడం పొంతన లేని పనులేమీ కావు. మీవారి కోపం నాకు అర్థమైంది, దానికి జవాబు కూడా ఉంది.

ముందు జబ్బు సంగతి. మిస్-సి అంటే కరోనా తర్వాత పిల్లల్లో చాలా అవయవాలు ఒకేసారి వాచే జబ్బు. ఇది మొదట బయటపడింది 2020 ఏప్రిల్ చివర్లో, బ్రిటన్‌లో. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న పిల్లలు జ్వరం, దద్దుర్లు, కడుపునొప్పితో వచ్చి ఉన్నట్టుండి షాక్‌లోకి వెళ్తున్నారని అక్కడి పిల్లల ఐసీయూ డాక్టర్లు హెచ్చరించారు. కొద్ది వారాలకే, మే 15న, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఎలా గుర్తించాలో ప్రకటించింది. కరోనా వచ్చి తగ్గిన రెండు నుంచి ఆరు వారాల మధ్య ఇది వస్తుంది. ఆ కరోనా మామూలు జలుబులా వచ్చిపోయి ఉండొచ్చు, అసలు తెలియకుండానే పోయి ఉండొచ్చు. వైరస్ మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత ఒంటి మీదే పడుతుంది. రక్తనాళాలు, గుండె కండరం, పేగులు అన్నీ వాస్తాయి. కడుపునొప్పి ఎక్కువగా ఉండటంతో దీన్ని అపెండిసైటిస్ అనుకోవడం చాలాచోట్ల జరిగింది. కాబట్టి మీ ఊరి డాక్టరును తప్పుపట్టొద్దు. ఆయన ఆలస్యం చేయకుండా పంపడమే మీకు జరిగిన మేలు. 2020, 21లతో పోలిస్తే ఇప్పుడిది బాగా అరుదు.

ఇక 98 సంగతి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఒక్క విషయమే చెబుతుంది. ధమనుల రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగం ఆక్సిజన్‌ను పట్టుకుని ఉందో చెబుతుంది. ఆ రక్తం ఒళ్లంతా తిరుగుతోందా లేదా అన్నది దానికి తెలియదు. బస్సులో నూరు సీట్లకు 98 నిండాయి, కానీ బస్సే కదలడం లేదనుకోండి. షాక్ అంటే అదే. గుండె కండరం వాచి సరిగ్గా కొట్టుకోదు, రక్తనాళాలు వదులైపోతాయి, బీపీ నిలవదు. నెత్తురులో ఆక్సిజన్ ఉన్నా మూత్రపిండాలకూ మెదడుకూ అందదు. మగతా, చల్లని చేతులూ దానివల్లే.

మీ బాబును చేర్చుకున్నప్పుడు డాక్టరు వాడి వేలిగోరు మీదో, గుండెల మధ్య చర్మం మీదో ఐదు సెకన్లు నొక్కి వదిలి, మళ్లీ ఎరుపు ఎప్పుడు తిరుగుతుందా అని చూసి ఉంటారు. మామూలుగా రెండు సెకన్లలో తిరగాలి. నాలుగైదు సెకన్లు పట్టిందంటే మానిటర్ మీద 98 కాదు, 100 ఉన్నా సరే, ఆ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టే. పైగా వేళ్లు అంత చల్లగా ఉన్నప్పుడు ఆక్సీమీటర్ చూపే అంకె మీద కూడా పూర్తి నమ్మకం పెట్టుకోలేం. దానికి వేలిలో నాడి కొట్టుకుంటూ ఉండాలి. షాక్‌తో వచ్చిన పిల్లలకు ముందు ఆక్సిజన్ పెట్టేసి, బీపీ నిలబడ్డాక చూసుకుని తగ్గించడం పిల్లల అత్యవసర వైద్యంలో అందరూ పాటించే పద్ధతే. ఉన్న కొద్ది రక్తప్రవాహమైనా నిండుగా ఆక్సిజన్ మోసుకెళ్లాలని అలా చేస్తారు. అందుకే మొదట సంచి ఉన్న మాస్కు పెడతారు. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు వదులుతారు, ఆ సంచి ఎప్పుడూ ఉబ్బే ఉండాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ రాత్రి మీ బాబు జబ్బును ఆక్సిజన్ తగ్గించలేదు. వాపును అణచింది ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు), స్టెరాయిడ్. ఇమ్యునోగ్లోబ్యులిన్ మోతాదు కిలో బరువుకు 2 గ్రాములు, అంటే 20 కిలోల బిడ్డకు 40 గ్రాములు. దాన్ని గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తారు. గుండెకు ఆసరాగా అడ్రినలిన్ వంటి మందులు సన్నటి ధారగా నడుస్తాయి. ఆ మందులు పనిచేసేదాకా అవయవాలు దెబ్బతినకుండా కాపాడటం ఆక్సిజన్ పని. అదేం చిన్న పని కాదు. కానీ దాని హద్దు అంతే.

మర్నాడు ఆయాసం ఎందుకు పెరిగింది? మిస్-సిలో ఇది చాలామందికి జరుగుతుంది. వాచిన రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. బీపీ కోసం ఎక్కించిన సెలైన్‌లో కొంత కూడా అలాగే ఊపిరితిత్తుల్లోకి, వాటి చుట్టూ ఉన్న పొరల్లోకి చేరుతుంది. గుండె బలహీనంగా ఉంటే వెనక్కి నీరు నిలుస్తుంది. అందువల్ల ఈ ఆయాసం చాలాసార్లు నిమోనియా కాదు, ఊపిరితిత్తులు పాడైనట్టూ కాదు. వాపు తగ్గి, గుండె తేరుకుని, మూత్రం ధారాళంగా వస్తే ఆ నీరు పోతుంది. మీ బాబు విషయంలో నాలుగైదు రోజుల్లో మిషన్ తీసేయగలిగారంటే దాదాపు అలాగే జరిగి ఉంటుంది.

మీరు రాసిన లావు గొట్టాల మిషన్‌ను హై ఫ్లో అంటారు. గాలినీ ఆక్సిజన్‌నూ కలిపి, ఒంటి వేడికి వెచ్చబెట్టి, తేమ పట్టించి వేగంగా ముక్కులోకి పంపుతుంది. పొడి గాలి అంత వేగంతో పోతే ముక్కు పగిలి నెత్తురొస్తుంది, తేమ అందుకే. దాని తెర మీద రెండు అంకెలు వేర్వేరుగా ఉంటాయి. ఒకటి నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి పోతోందో చెబుతుంది. రెండోది ఆ గాలిలో ఆక్సిజన్ శాతం. మీవారు చూసిన 60, 30 ఈ రెండోది. ఇప్పుడు మీరూ నేనూ పీలుస్తున్న మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అంటే ఆ అంకె సున్నా నుంచి మొదలు కాదు, 21 నుంచి మొదలవుతుంది. 60 నుంచి 30కి దించారంటే సగం కోసేసినట్టు కాదు. మామూలు గాలికి ఇంకా 9 మెట్ల దూరంలో ఉన్నాడన్నమాట. ఆ రోజు మీవారు చూసింది బాబు కోలుకుంటున్న గుర్తు. దాన్ని దోపిడీ అనుకోవాల్సి వచ్చిందంటే మీకెవరూ చెప్పలేదు కాబట్టే. ‘30 అంటే దాదాపు మామూలు గాలే, ఇలాగే మెల్లగా దించి తీసేస్తాం’ అని సిస్టరో డాక్టరో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ గొడవ జరిగేది కాదు. అది చెప్పకపోవడం వాళ్ల లోపమే. ఎంత ఒత్తిడిలో ఉన్నా ఐసీయూ తలుపు బయట నిలబడ్డ తల్లిదండ్రులకు ఆ మాట చెప్పడం వైద్యంలో భాగం.

మరి 93 చాలా? చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం షాక్, స్పృహ తప్పడం, ఫిట్స్, తీవ్రమైన ఆయాసం వంటి ప్రమాద లక్షణాలు ఉన్నంతసేపు పిల్లల్లో ఆక్సిజన్ స్థాయి 94 కంటే తగ్గనివ్వకూడదు. బిడ్డ నిలదొక్కుకున్నాక 90కి పైన ఉంటే సరిపోతుంది. అంటే ఒకే బిడ్డకు మొదటి రోజు లక్ష్యం ఒకటి, నాలుగో రోజు లక్ష్యం మరొకటి. జబ్బు మారితే మోతాదు మారుతుంది.

బ్రిటన్‌లో ఇదే విషయం మీద పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది. పేరు ఆక్సీ-పిక్యూ. 2020 సెప్టెంబరు నుంచి 2022 మే దాకా 15 పిల్లల ఐసీయూల్లో, వెంటిలేటర్ మీద ఉన్న 2,040 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 88 నుంచి 92 మధ్య, రెండో జట్టుకు 94కు పైన ఉండేట్టు ఆక్సిజన్ ఇచ్చారు. 30 రోజుల లెక్క తీస్తే, తక్కువ ఆక్సిజన్ ఇచ్చిన జట్టే కాస్త మెరుగ్గా ఉంది. తేడా చిన్నదే, కానీ ఉంది. 2023 చివర్లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మీ బాబుకు వెంటిలేటర్ అవసరం రాలేదు కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా వాడికి అంటగట్టను. మెదడుకు దెబ్బ తగిలిన పిల్లల్ని, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువున్న పిల్లల్ని ఆ అధ్యయనంలో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు. కానీ ‘93 చూసి ఊరుకున్నారంటే నిర్లక్ష్యమే’ అన్న మాట మాత్రం నిలవదు.

ఎక్కువిస్తే పోయేదేముంది అంటారేమో. పోతుంది. మానిటర్ మీద అంకె 100 దాటదు. సీట్లన్నీ నిండాక ఇంకెంతమంది ఎక్కి నిలబడ్డారో ఆక్సీమీటర్ లెక్కపెట్టలేదు. అసలు రక్తంలో కరిగిన ఆక్సిజన్ ఆపైన ఎన్ని రెట్లు పెరిగినా అది 100 అనే చూపిస్తుంది. అవసరానికి మించిన ఆక్సిజన్ కణాలను దెబ్బతీసే పదార్థాల్ని పుట్టిస్తుంది, అప్పటికే వాచి ఉన్న ఒంటికి అది అదనపు దెబ్బ. ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదులు ముడుచుకుపోయేలా కూడా చేస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్లోనైతే మితిమీరిన ఆక్సిజన్ కంటి రెటీనాను పాడుచేసి చూపే పోగొట్టగలదు. 1940, 50ల్లో పాశ్చాత్య దేశాల్లో వేలమంది పిల్లలు అలా చూపు కోల్పోయాకే వైద్యులు మేలుకున్నారు. ఆక్సిజన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. మందు అన్నాక మోతాదు ఉంటుంది, ఆపే సమయం ఉంటుంది. పారాసెటమాల్ డబుల్ డోసు వేయమని సిస్టర్‌తో ఎవరూ గొడవపడరు కదమ్మా.

అయితే మీ భయం ఊరికే వచ్చింది కాదని నాకు తెలుసు. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తెగి 11 మంది చనిపోయిన సంగతి సీమలో ఎవరికి గుర్తుండదు? ఆ వేసవిలో సిలిండర్ల కోసం పరుగెత్తిన ఇల్లంటూ లేని వీధి లేదు. ఆక్సిజన్ తగ్గించారన్న మాట చెవిన పడితే ఒళ్లు జలదరించడం సహజం. దానికి తోడు ‘ఆక్సిజన్ పెట్టారంటే ఇక ఆశల్లేనట్టే’ అని మన ఇళ్లల్లో పాతుకుపోయిన మాట ఒకటి. ఒకప్పుడు చివరి ఘడియల్లో మాత్రమే సిలిండర్ తెచ్చేవారు, ఆ మాట అలా పుట్టింది. ఈ మాటకు భయపడి ‘ఆక్సిజన్ వద్దు, పెట్టకండి’ అని బతిమాలే పెద్దవాళ్లను నేను వార్డులో చూస్తూనే ఉంటాను. ఆ ఆలస్యం వల్ల పిల్లలకు జరిగే నష్టం తలుచుకుంటే బాధేస్తుంది. అత్తయ్యగారికి కూడా ఈ మాట చదివి వినిపించండి.

ఆవిడ కర్పూరం సంగతి కూడా చెప్పాలి. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ మండే దేన్నైనా భగ్గుమనిపిస్తుంది. దుప్పటి, జుట్టు, మాస్కు పట్టీ, ఏదైనా సరే. మంచం చుట్టూ దుప్పట్లలో పేరుకున్న ఆక్సిజన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ సిస్టర్ మాట కటువుగా ఉండి ఉండొచ్చు, కానీ ఆ క్షణంలో ఆమె ఆ వార్డులోని పిల్లలందరినీ కాపాడింది. మనవడికి దిష్టి తీయాలని అత్తయ్యగారికి ఉంటే ఇంటికొచ్చాక తీసుకోమనండి.

మళ్లీ ఎప్పుడైనా, మీకైనా మీవాళ్లకైనా, ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డ పక్కన కూర్చోవాల్సి వస్తే అంకె కన్నా బిడ్డను చూడండి. ముక్కు గొట్టం పక్కకు జారిందా, గొట్టం మంచం కడ్డీ కింద నలిగిందా, గోడ మీద ఫ్లోమీటర్‌లో గుండు డాక్టరు చెప్పిన గీత దగ్గరే తేలుతోందా చూడండి. గుండు మధ్యభాగం ఏ గీత మీద ఉంటే అన్ని లీటర్లని లెక్క. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుతుంటే, ముక్కుపుటాలు ఎగరేస్తుంటే, పిలిస్తే పలకకుండా మగతగా ఉంటే, గంటల తరబడి మూత్రం పోయకపోతే, మానిటర్ ఏం చూపించినా సరే గొంతెత్తి పిలవండి. ‘నంబర్ పెంచండి’ అని కాదు, ‘ఒకసారి వచ్చి బాబును చూడండి’ అని అడగండి. ఆ అడిగే హక్కు మీది.

ఇక ఇల్లు. ఆక్సిజన్ అలవాటు కాదు. అది మనం పుట్టిన క్షణం నుంచి పీలుస్తున్నదే. అవసరం తీరగానే తీసేస్తే ఒళ్లు దాన్ని వెతుక్కోదు. డిశ్చార్జి చేసేముందు మామూలు గాలి మీదే, నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు కూడా స్థాయి నిలబడిందని చూసుకునే పంపుతారు. కాబట్టి కాన్‌సెంట్రేటర్ (ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్) కొనొద్దు. వేలకు వేలు పోయడం ఒక ఎత్తు. నిజంగా ఆయాసం వచ్చిన రాత్రి ‘మిషన్ ఉందిగా, తెల్లారాక వెళ్దాం’ అనిపిస్తుంది చూడండి, నా భయమంతా దాని గురించే.

రాత్రిళ్లు మీటర్ పెట్టడం కూడా మానేయండమ్మా. నిద్రలో చెయ్యి కదిలితే, వేలు చల్లగా ఉంటే, మీటర్ పెద్దవాళ్లదై బిడ్డ వేలికి వదులుగా ఉంటే 88 అనీ 85 అనీ తప్పుడు అంకెలు చూపిస్తుంది. మీ గుండె గుభేలుమంటుంది, వాడి నిద్ర చెడుతుంది. దాని బదులు వాడు ప్రశాంతంగా నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. ఏడేళ్ల వాడికి నిమిషానికి 30 దాటుతూ ఉంటే, లేదా డొక్కలు ఎగరేస్తుంటే, పెదాలు నీలంగా కనిపిస్తే, కళ్లు తిరిగి పడిపోతే, ఛాతీలో నొప్పంటే 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోతే మీరూ పడుకోండి.

మీ శ్రద్ధ పెట్టాల్సింది ఇప్పుడు గుండె మీద. మిస్-సిలో గుండెకు రక్తం తీసుకెళ్లే కరొనరీ నాళాలు ఉబ్బే ప్రమాదం ఉంది, అది మీటర్‌లో కనపడదు, ఎకో అనే గుండె స్కాన్‌లోనే తెలుస్తుంది. జబ్బు బయటపడిన ఒకటి రెండు వారాల్లో ఒకసారి, మళ్లీ నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి ఎకో తీయించాలి. తక్కువ డోసు ఆస్పిరిన్ రాసి ఉంటే, నాళాలు బాగున్నాయని డాక్టరు చెప్పేదాకా ఆపొద్దు. ఆ రోజుల్లో జ్వరానికి ఇబుప్రొఫెన్ సిరప్ ఇవ్వొద్దు, ఆస్పిరిన్ పనికి అడ్డొస్తుంది. ఇంట్లోనో బడిలోనో ఎవరికైనా ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆస్పిరిన్ మీద ఉన్న పిల్లలకు అవి సోకితే కాలేయానికీ మెదడుకూ ప్రమాదం. స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి, ఉన్నట్టుండి మానేయకూడదు. గుండె కండరం వాచిందని రిపోర్టులో ఉంటే మూడు నుంచి ఆరు నెలలు పరుగు పందేలు, కబడ్డీ, క్రికెట్ వద్దు. బడిలో డ్రిల్లు మాస్టారుకు చీటీ రాసి పంపండి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు కాబట్టి తట్టు, ఆటలమ్మ టీకాలేమైనా మిగిలుంటే 11 నెలలు ఆగి వేయించాలి. డిశ్చార్జి సమ్మరీలో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చిన తేదీ ఉంటుంది, దాని ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఎకోకు వెళ్లే రోజు మీవారిని కూడా తీసుకెళ్లండి. ఈ ప్రశ్నలన్నీ ఆయనే డాక్టరును నేరుగా అడిగితే మంచిది.